చెలికత్తెకు సొంత కథ ఎందుకండీ?

ఒక నవల వచ్చి ఇళ్లల్లో శాంతిభద్రతలకు భంగం కలిగిస్తుంటే బాధ్యత గల పౌరుడెవరూ చూస్తూ ఊరుకోకూడదు. ఎలెనా ఫెరాంటే అనే పేరుతో ఇటలీలో 2011 నుంచి 2014 దాకా నాలుగు భాగాలుగా వచ్చిన నవల గురించే ఈ ఆందోళన. మొదటి భాగం 2012లో ‘మై బ్రిలియంట్ ఫ్రెండ్’ అని ఇంగ్లీషులోకి వచ్చింది. నేపుల్స్‌లో ఒక పేదవాళ్ల పేట. అందులో లీలా, లెనూ అని ఇద్దరు ఆడపిల్లలు. చిన్నప్పటి నుంచి అరవై దాటేదాకా ఒకరినొకరు ప్రేమించుకుంటారు, ఏడ్చుకుంటారు, దెప్పుకుంటారు, మాటలు మానేస్తారు, మళ్లీ వెతుక్కుంటారు. ఇంతే కథ. దీనికి ఇంగ్లీషులో పదహారు వందల పైచిలుకు పేజీలు.

ముందే చెప్పేస్తున్నాను, నేనీ నవల చదవలేదు. కాబట్టి నా అభిప్రాయంలో పక్షపాతానికి తావు లేదు. చదివినవాళ్లను చూస్తున్నాను కదా, ఒక్కరు కూడా నిష్పాక్షికంగా మిగల్లేదు. ఇక కథంటారా, మా ఆవిడ స్పీకరు ఆన్ చేసి ఫోన్లు మాట్లాడుతుంది కాబట్టి మొత్తం నాకు కంఠస్థం.

2024లో న్యూయార్క్ టైమ్స్ వాళ్లు 503 మంది రచయితల్నీ, విమర్శకుల్నీ అడిగి ఈ శతాబ్దంలో వచ్చిన వంద మంచి పుస్తకాల జాబితా వేశారు. మొదటి స్థానం దీని మొదటి భాగానికే. విజయవాడలో మా పార్కు బెంచీ మీద ఈ వార్త చదివి వినిపించినప్పుడు కాసేపు ఎవరికీ మాట రాలేదు. తర్వాత అందరికీ ఒకేసారి వచ్చింది. రిటైర్డ్ ఇంజినీరు గారు ఓటేసినవాళ్లలో మగవాళ్లెంతమంది అని అడిగారు. ఆడిటర్ గారు “ప్రపంచ యుద్ధం ఏమైనా ఉందా అందులో?” అన్నారు. యుద్ధం అయిపోయాక మొదలవుతుందట అన్నాను. “అయిపోయాక ఇంకేం మిగిలిందండీ రాయడానికి?” అంటూ ఆయన షూ లేసులు బిగించుకుని ఇంకో రౌండు కొట్టడానికి వెళ్లిపోయారు.

లోపం ఎక్కడుందో నేను బాగా ఆలోచించి కనిపెట్టాను. మన సంప్రదాయంలో స్నేహం అనేది మగవాళ్ల శాఖ. దుర్యోధనుడి కోసం కర్ణుడు ప్రాణమిచ్చాడు. కుచేలుడు అటుకులు మూటకట్టుకుని ద్వారక దాకా నడిచాడు. (ఇంట్లో గింజ లేని రోజున ఆ అటుకులు సంపాదించి, మూటకట్టి, మొగుడిని బయల్దేరదీసిన ఆవిడ పేరు నాకు వెంటనే తట్టలేదు. తట్టాల్సిన అవసరమూ రాలేదు.) అలాగని మనం ఆడవాళ్లకు అన్యాయం చేయలేదు. వాళ్ల కోసం చెలికత్తె అనే పోస్టు మంజూరు చేశాం. శాకుంతలంలో అనసూయ, ప్రియంవద ఆ ఉద్యోగం ఎంత చక్కగా చేశారు! తుమ్మెద వెంటపడితే దుష్యంతుణ్ణి పిలుచుకోమని వేళాకోళమాడారు, ప్రేమలేఖ రాయమని సలహా ఇచ్చారు, దుర్వాసుణ్ణి బతిమాలి శాపానికి సడలింపు తెచ్చారు, నాలుగో అంకంలో కన్నీళ్లతో అత్తారింటికి సాగనంపారు. తర్వాత వాళ్లేమయ్యారు? కాళిదాసు చెప్పలేదు, మనం అడగలేదు. పద్ధతంటే అదీ. సినిమాల్లోనూ అంతే. హీరోయిన్ ఫ్రెండు కాలేజీ గేటు దగ్గర “అదుగోనే, వస్తున్నాడు” అంటుంది, క్లైమాక్సులో నాలుగు అక్షింతలు వేసి వెళ్లిపోతుంది. ఎక్కడికి వెళ్లిందో డైరెక్టరుకే తెలియదు.

ఈ ఫెరాంటే చేసిన నేరమేమిటంటే చెలికత్తెను ఇంటికి పంపకపోవడం. పైగా ఇద్దరిలో నాయిక ఎవరో, చెలికత్తె ఎవరో తేల్చి చెప్పలేదు. పేరులో ఉన్న ఆ తెలివైన స్నేహితురాలు లీలాయే అని పాఠకులంతా నమ్మకంగా చదువుకుపోతుంటే, ఆ మాట లీలా నోటే లెనూను ఉద్దేశించి అనిపించింది. సీనియారిటీ జాబితా లేకుండా ఆఫీసు నడిపితే ఏమవుతుందో మా బ్యాంకులో చూశాను. ఇక్కడా అదే అయింది.

మా ఆవిడా, తెనాలిలో ఉండే ఆవిడ చిన్ననాటి స్నేహితురాలూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. మా ఆవిడ పుస్తకం చదివింది. తెనాలావిడ టీవీ సిరీస్ చూసింది, అదీ 2018లో మొదలై నాలుగు సీజన్లు నడిచింది లెండి. ఒకరోజు మా ఆవిడ ఫోన్ చేసి, “ఏమే, ఆ లీలా అచ్చం నేనేనే” అంది.

అవతల కాసేపు చప్పుడు లేదు. “అదేమిటే, ఆ మాట నీకు నేను చెబుదామనుకుంటుంటే! నువ్వు లెనూవి కదా?”

ఇక సాక్ష్యాధారాలు మొదలయ్యాయి. లీలా ఎవరూ నేర్పకుండానే చదవడం నేర్చుకుంది. మా ఆవిడ బళ్లో చేరకముందే ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెప్పింది. తెనాలావిడకు పదో తరగతి లెక్కల్లో మా ఆవిడకన్నా ఐదు మార్కులు ఎక్కువ వచ్చాయి. ఆ పరీక్షప్పుడు మా ఆవిడకు గవదబిళ్లలు. సైన్సు రికార్డులో కప్ప బొమ్మ ఎవరిది చూసి ఎవరు వేశారన్న విషయం మీద చాలాసేపు వాదన జరిగింది. ఇన్నేళ్ల నా కాపురంలో ఆ కప్ప గురించి నేను వినడం అదే మొదలు. ఇంతలో తెనాలావిడ గట్టి పాయింటు తీసింది. లీలాకు అయిదో తరగతితో చదువు మాన్పించారు. చదువుకుంటానని మొండికేస్తే చెప్పులు కుట్టే తండ్రి ఎత్తి కిటికీలోంచి బయటికి విసిరేశాడు, చెయ్యి విరిగింది. పదహారేళ్లకే కిరాణా కొట్టు ఆసామికిచ్చి పెళ్లి చేశారు. తెనాలావిడను ఎవరూ కిటికీలోంచి విసరలేదు గానీ, పదో తరగతి ఫలితాలు వచ్చిన ఏడాదే పెళ్లి చేసేశారు, పెళ్లికొడుకుదీ కొట్టే. మా ఆవిడ డిగ్రీ చదివింది, బీఎడ్ చేసింది, టీచరుగా రిటైరయింది.

“నువ్వు చదువుకున్నావు కాబట్టి నువ్వు లెనూవి. ఇందులో గొడవేముందే? నన్నూ పంపించి ఉంటే నేనూ అయ్యుండేదాన్ని.”

మా ఆవిడ ఏమీ అనలేదు. ఇటువంటి సందర్భాల్లో సంభాషణ చేయి దాటిపోకుండా నేను కాఫీ అడుగుతాను. అడిగాను.

ఆ స్నేహితురాళ్ల గొడవ రెండు ఊళ్ల మధ్య కాబట్టి ఫోనుతో పోయింది. తల్లీకూతుళ్ల విషయం అలా కాదు. మా అమ్మాయి బెంగళూరు నుంచి పండక్కి వచ్చి మొదటి భాగం ఇక్కడే మర్చిపోయి వెళ్లింది. అందులో పెన్సిలుతో గీతలు. ఏ తల్లయినా చేసే పనే మా ఆవిడా చేసింది. పుస్తకం మొదటినుంచి చదవకుండా గీతలున్నచోట్లే ముందు చదివింది. ఓ మూడు నాలుగు పేజీల పక్కన మార్జిన్‌లో ‘అమ్మ’ అని రాసి ఉంది. మా ఆవిడ పొంగిపోయింది. నాకు చూపించింది, ఎదురు ఫ్లాటు ఆవిడకు చూపించింది, వాట్సాప్‌లో ఫొటో తీసి తెనాలి పంపించింది. అంత గొప్ప నవలలో తను ఉంది మరి.

తర్వాత తీరిగ్గా కూర్చుని ఆ పేజీల్లో ఉన్న తల్లి ఎవరో చదివింది.

లెనూ వాళ్లమ్మకు కాలు ఈడుస్తుంది, చూపు మెల్ల, నోరు మంచిది కాదు. ఇంట్లో ఆవిడ నడక చప్పుడు వినబడితేనే లెనూకు ఒళ్లు జలదరిస్తుంది, తను కూడా ఎక్కడ అలా తయారవుతుందోనని భయం. ఆ భయమే బడికి పరిగెత్తిస్తుంది. ఆ వారమంతా మా ఇంట్లో పప్పుచారు, చింతకాయ పచ్చడి తప్ప మూడో పదార్థం పుట్టలేదు. చివరికి ఫోన్ చేసింది, యథాప్రకారం స్పీకరులో.

“ఆ తల్లి కూతుర్ని పైచదువు చదివించడానికే సణిగింది. నీ ఇంజినీరింగ్ ఫీజుకి నేను గాజులు తాకట్టు పెట్టాను. నేను ఆవిడెట్లా అయ్యానే?”

“చదువు గురించి కాదమ్మా. ఆ నడక చప్పుడు గురించి...”

“నా నడకకేమొచ్చింది? నేనేమైనా కుంటుతున్నానా?”

“నీ నడకకేం రాలేదు. నాకే ఈమధ్య ఇంట్లో నడుస్తుంటే నా చప్పుడు నీ చప్పుడులా వినిపిస్తోంది.”

దీనికి కోప్పడాలో ఏడవాలో తేల్చుకోలేక మా ఆవిడ ఫోను నా చేతిలో పెట్టింది. నేను అమ్మాయిని ఆఫీసు ఎలా ఉందని అడిగాను. బాగానే ఉందంది.

దెబ్బ తిన్నవాళ్లు ఊరుకోరు కదా. మా ఆవిడ మిగతా మూడు భాగాలూ తెప్పించింది. ఈసారి చేతిలో నీలం బాల్‌పెన్ను. పగ తీర్చుకోవడానికి కావలసినంత సరుకు అందులో ఉంది. అమ్మలా కాకూడదని అంత దూరం పరిగెత్తి, పీసాలో చదివి, రచయిత్రి అయి, ఫ్లోరెన్స్‌లో ప్రొఫెసరును పెళ్లి చేసుకున్న లెనూ, ఇద్దరు కూతుళ్లు పుట్టాక నీనో అనే పాత ప్రేమికుడి కోసం ఇల్లు వదిలేస్తుంది. పిల్లలు కొంతకాలం జెనోవాలో నాయనమ్మ దగ్గర పెరుగుతారు. “చూడు మీ లెనూ! దీన్నేమంటావు?” అని పేజీ నంబరుతో సహా ఫోన్లో చదివింది మా ఆవిడ. “అదే కదమ్మా నేను చెప్పేది” అంది అమ్మాయి. ఏది చెబుతోందో నాకు అర్థం కాలేదు, మా ఆవిడకు మాత్రం అయినట్టుంది. ఆ రోజు వంకాయ కూర వండింది.

ఆ తర్వాత మా అపార్ట్‌మెంట్‌లో విచారణ చాలా లోతుగా సాగింది. ఎదురింటి కోడలు “వెళ్లిపోవడమే కరెక్టు ఆంటీ” అంది. వాళ్ల అత్తగారు నవల చదవలేదు. కానీ కోడలు ఆ మాట ఎవరి సంగతిలో అన్నదీ తెలుసుకోకుండా, ఎక్కడికి వెళ్లిపోవడం కరెక్టు అని ఇంట్లో నిలదీసింది. మూడో అంతస్తు లెక్చరరుగారికి రెండో భాగంతోనే విసుగొచ్చింది. ఇంత అసూయ ఉన్నదాన్ని స్నేహమని ఎలా అంటారు అని ఆవిడ అభ్యంతరం. “మీకు అక్కచెల్లెళ్లు లేరా అండీ?” అని మా ఆవిడ అమాయకంగా అడిగింది. పై చదువులకు వెళ్లిన ఒకమ్మాయి లీలాను చూస్తే భయమేస్తోందని చెప్పి ఆపేసింది. పిల్లలకు జ్వరమొస్తే ఎవరు చూశారు, ఫీజులు ఎవరు కట్టారు, వంట ఎవరు చేశారు, ఇలా లెనూ మీద అభియోగాలు చాంతాడంత తయారయ్యాయి.

ఈ మొత్తం విచారణలో నీనోను ఒక్కరూ బోను ఎక్కించకపోవడం నాకు ఊరట కలిగించింది. ఆయనకు నవలలో ఒకరితో ఒక కొడుకు, పెళ్లాడిన ఆవిడతో ఇద్దరు, లెనూతో ఒక కూతురు. ఆయన మేధావి. వ్యాసాలు రాస్తాడు, సభల్లో మాట్లాడతాడు, రాజకీయాల్లోకి కూడా వెళతాడు. అలాంటి మనిషికి పిల్లలందరి పుట్టినరోజులూ గుర్తుండాలంటే కుదిరే పనేనా? మా పార్కు బెంచీ ఆయనను ఏకగ్రీవంగా క్షమించింది. లెనూ విషయం ఇంకా పరిశీలనలో ఉంది.

ఇక రచయిత్రి సంగతి. ఆవిడెవరో ఎవరికీ తెలియదట. 1992లో మొదటి నవల రాకముందే, రాసేశాక పుస్తకానికి రచయితతో పనిలేదని ప్రచురణకర్తకు ఉత్తరం రాసి ఊరుకుందట. సభలకు రాదు, ఫొటో లేదు. ఇది మన సాహిత్య జీవనానికి ఎంత పెద్ద సవాలో ఎవరూ గమనించడం లేదు. మా సాహితీ సమాఖ్యలో ఈ నవల మీద సభ పెడదామని ఒక ప్రతిపాదన వచ్చింది. శాలువా ఎవరికి కప్పాలి? ఫ్లెక్సీ మీద ముఖ్య అతిథులు తొమ్మిదిమంది ఫొటోలు, నడుమ రచయిత్రి స్థానంలో ఏం వేయాలి? పుస్తకం అట్ట వేద్దామంటే దాని మీద పెళ్లి బట్టల్లో జంట. ఆ అట్టలు చవకబారుగా ఉన్నాయని ఇంగ్లీషు పాఠకులే గోలపెట్టారు, కావాలనే అలా వేశామని ప్రచురణకర్తలు చెప్పుకున్నారు. మన సభకు వచ్చేవాళ్లు మాత్రం అది వివాహ రిసెప్షన్ అనుకుని భోజనాల వైపు నడిచే ప్రమాదం ఉంది. చివరికి సభ జరిగింది. ప్రధాన వక్త యుద్ధానంతర ఇటలీ ఆర్థిక వ్యవస్థ మీద, నేపుల్స్ ముఠాల మీద బ్రహ్మాండంగా మాట్లాడారు. ఆ ఇద్దరమ్మాయిల పేర్లు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇది ఆడవాళ్ల నవల కాదు, విశ్వజనీనమైన నవల అని ముగించారు. ఒక పుస్తకాన్ని ఇంతకన్నా గొప్పగా మెచ్చుకునే మార్గం మా సమాఖ్యకు తెలియదు.

ఇటలీలో వాళ్లు ఇంకా ముందుకెళ్లారు. ఇంత బాగా రాసిందంటే ఆడది అయ్యుండదని చాలాకాలంగా అక్కడ అనుమానం. పదాలూ పడికట్లూ కంప్యూటరులో వేసి తూచి, ఫలానా పేరున్న మగ రచయిత శైలికి దగ్గరగా ఉందని లెక్కతేల్చినవాళ్లు ఉన్నారు. 2016 అక్టోబరులో ఒక విలేఖరి ప్రచురణ సంస్థ చెల్లింపులు, రోమ్‌లో ఇళ్ల కొనుగోలు కాగితాలు తవ్వి, ఫెరాంటే ఫలానా ఆవిడే అని నాలుగు దేశాల పత్రికల్లో ఒకేసారి ప్రకటించాడు. చాలామంది పాఠకులు ఆ విలేఖరి మీదే మండిపడ్డారు. నాకైతే ఆయన పద్ధతి నచ్చింది. నవల అర్థం కాకపోతే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి దస్తావేజులు చూడటం ఎప్పుడూ మంచిదే.

ఈ విషయంలో మనకు ఇటలీ దగ్గర నేర్చుకోవలసిందేమీ లేదు. 1960, 70ల్లో మన వారపత్రికల్లో రచయిత్రులదే రాజ్యం. యద్దనపూడి సులోచనారాణి, కోడూరి కౌసల్యాదేవి, మాదిరెడ్డి సులోచన పేర్లు చూసి పత్రికలు కొన్నారు. మా అమ్మ సీరియల్ పేజీలు చించి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి బైండు చేసేది. అది వీధంతా తిరిగి, మూడో ఇంట పులుసు మరకా ఐదో ఇంట నూనె మరకా అంటించుకుని వచ్చేది. విమర్శకులు దాన్ని వంటింటి సాహిత్యం అన్నారు. మరకలు చూసే అన్నారేమో. సరిగ్గా ఆ రోజుల్లోనే కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని నవలలు రాశారు. చూశారా, అమ్ముడుపోయే రోజుల్లో మగవాడు ఆడపేరు పెట్టుకోవచ్చు. గొప్పదని తేలిన రోజున ఆడపేరు వెనక మగవాడు ఉండి తీరాలి. ఎటు తిప్పినా లెక్క సరిపోతుంది. ఇంతటి సమన్యాయం ఇంకే రంగంలో ఉందో చెప్పండి.

ఈ సూత్రం ఆ నవల రాసినావిడకు కూడా తెలిసినట్టుంది. మొదటి భాగంలో ఒక గ్రంథాలయ బహుమతుల ఘట్టం ఉందని మా ఆవిడ తెనాలికి చెబుతుంటే విన్నాను. లీలా ఇంట్లో వాళ్లందరి పేర్ల మీదా కార్డులు తీసుకుని, అన్ని పుస్తకాలూ తనే చదువుతుంది. ఏడాది చివర ఉత్తమ పాఠకులను ప్రకటిస్తే అందులో వాళ్ల అమ్మ, నాన్న, అన్న కూడా ఉంటారు. నాన్నంటే ఎవరనుకున్నారు? బడి అడిగినందుకు కూతుర్ని కిటికీలోంచి విసిరినాయనే. మా ఆవిడా తెనాలావిడా ఆ ఘట్టం దగ్గర పడీ పడీ నవ్వారు. అందులో నవ్వాల్సిందేముందో నాకు బోధపడలేదు. కుటుంబ పెద్దకు బహుమతి రావడం సంతోషించదగ్గ విషయం కదా.

ప్రభుత్వం నుంచి నేను కోరేది పెద్దగా ఏమీ లేదు. ఒకే ప్రతిని తల్లీకూతుళ్లు ఇద్దరూ చదవకుండా చూస్తే చాలు. లేదా, పెన్సిలు ఒక్కటే అనుమతించి, ఇంటి యజమాని చదివే లోపు రబ్బరుతో చెరిపి ఇవ్వాలన్న నిబంధన పెట్టాలి. నా కోరికకు ఆధారం ఉంది. నిన్న అలమరలో బూజు దులుపుతుంటే మూడో భాగం కిందపడి దానంతటదే తెరుచుకుంది. లెనూ భర్త, ఆ ప్రొఫెసరు, గదిలో తలుపేసుకుని తన పుస్తకం రాసుకుంటుంటాడు. ఇల్లూ పిల్లలూ లెనూ నెత్తిన. పక్కన మార్జిన్‌లో నీలం బాల్‌పెన్నుతో, మా ఆవిడ గుండ్రటి బళ్లో అక్షరాల్లో, ‘ఈయనే’ అని ఉంది. పుస్తకం మధ్యలో ఒకసారి బెంగళూరు వెళ్లొచ్చినట్టుంది, దాని కింద పెన్సిలు రాత: ‘నాన్నే. కాఫీ అడగడం ఒక్కటి తక్కువ.’

పుస్తకాల మార్జిన్లలో రాతలు రాయడం ఎంత అనాగరికమో వచ్చే నెల మా సమాఖ్య సభలో మాట్లాడబోతున్నాను. అధ్యక్షత కూడా నేనే.